నమ్మకం లేకుండా శ్రీవారి సేవకి వెళ్ళొచ్చాను

ముందే చెప్పేస్తాను, నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అలాగని వాదనకి దిగే రకాన్నీ కాదు. ఇంట్లో పూజ జరుగుతుంటే పక్కన కూచుని పళ్ళెం అందిస్తాను, హారతి కళ్ళకద్దుకోమంటే అద్దుకుంటాను, లోపల మాత్రం ఏమీ కదలదు. ఇంటర్ చదివే రోజుల నుంచీ ఇంతే. ఇక పాటల సంగతికొస్తే నాది హెవీ మెటల్, అంటే గిటార్ల హోరుతో సాగే రాక్ సంగీతం, అందులోనూ మా ఇంట్లో ఎవరూ ఒక్క పాట పూర్తిగా భరించలేని రకం. అలాంటివాణ్ణి తెల్ల బట్టలేసుకుని, మెడలో సేవ కండువాతో తిరుమలలో గుమ్మడికాయలు కోసి, సాంబార్ బకెట్లు మోసి వచ్చాను. ఎందుకెళ్ళావని అడిగినవాళ్ళే అందరూ, ఎలా ఉందని అడిగినవాళ్ళు తక్కువ. అందుకే రాస్తున్నాను.

ఎందుకెళ్ళానన్నదానికి జవాబు చిన్నది. మా పెద్దమ్మ ఏటా ఒక బృందాన్ని తీసుకెళ్తుంది. ఈసారి వాళ్ళలో ఒకాయనకి మోకాలి ఆపరేషన్ పడింది. బృందంగా బుక్ చేసుకోవాలంటే కనీసం పదిమంది ఉండాలి, ఒకరు తగ్గారు. "నువ్వు దణ్ణం పెట్టక్కర్లేదురా, కాయలు కోసేందుకు చేతులుంటే చాలు" అంది ఫోన్‌లో. ఆవిడ మాట కాదనడం మా ఇంట్లో ఎవరివల్లా అవలేదు, నావల్లా కాలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. శ్రీవారి సేవని టీటీడీ 2000లో మొదలుపెట్టింది. జీతం ఉండదు, పేరు ఎక్కడా రాయరు. ఆన్‌లైన్‌లో స్లాటు చూసుకుని, ఆధార్ వివరాలతో దరఖాస్తు పెట్టుకుని, ఇచ్చిన తేదీకి కొండ మీద సేవాసదన్‌లో రిపోర్టు చేయాలి. ఉండడానికి చోటు వాళ్ళే ఇస్తారు, హాల్లో అందరితో పాటు పడకే అనుకోండి. ఆడవాళ్ళకి ఆరెంజ్ చీర, మెరూన్ జాకెట్టు. మగవాళ్ళకి తెల్ల బట్టలు. సేవకి వచ్చేవాళ్ళు హిందువులై ఉండాలన్నది నిబంధన. నేను పుట్టుక రీత్యా హిందువుని కాబట్టి ఫారం దగ్గర అడ్డేమీ రాలేదు, కానీ ఆ కాలమ్ నింపుతుంటే కాస్త ఇబ్బందిగానే ఉంది. నమ్మకం లేని నాకు చోటు దొరికింది. వేంకటేశ్వరుడి పాట వింటే కళ్ళనీళ్ళు పెట్టుకునే నా ముస్లిం స్నేహితుడొకడున్నాడు, వాడికి దొరకదు. ఇది పెద్దమ్మతో అంటే, "గుడి అన్నాక దాని పద్ధతి దానికుంటుంది, నీ ఆఫీసులో ఎవరు పడితే వాళ్ళు వచ్చి కూచుంటారా?" అంది. ఆఫీసుతో పోల్చడం నాకు నచ్చలేదు. ఆవిడకి నా ప్రశ్నే నచ్చలేదు. దీని మీద దారంతా మాట్లాడుకున్నాం, ఎటూ తేలలేదు.

కొండ మీదికి వచ్చాక మొదట ఒక శిక్షణ క్లాసులాంటిది పెడతారు. భక్తులతో ఎలా మాట్లాడాలి, ఎవరైనా కోప్పడితే ఏం చేయాలి, ఎక్కడ ఏం తాకకూడదు, ఇలాంటివి. ఎవరికి ఏ డ్యూటీ పడుతుందో మన చేతిలో ఉండదు. లడ్డూ కౌంటర్ల దగ్గర పడొచ్చు, క్యూ కాంప్లెక్స్‌లో పడొచ్చు, పూల దగ్గర, అన్నప్రసాదం దగ్గర, ఎక్కడైనా పడొచ్చు. చాలామంది గుళ్ళో డ్యూటీ పడాలని మొక్కుకుంటారు. మాకు ముందుగా కూరగాయలు కోసే పని పడింది. మా బృందంలో ఒకావిడ మొహం చిన్నబుచ్చుకుంది, నేను మాత్రం హమ్మయ్య అనుకున్నాను. గుళ్ళో నిలబడి భక్తి నటించే అవసరం తప్పింది కదా.

కూరగాయలంటే మన వంటింటి లెక్కలో ఊహించుకోకండి. ఎక్కడెక్కడి దాతలో పంపిన లోడు లారీల్లో వస్తుంది, బస్తాలు దించి కుమ్మరిస్తే ఎదురుగా కూచున్న మనిషి కనపడడు. ఒక పక్క క్యాబేజీ, ఒక పక్క బంగాళాదుంప, సొరకాయ, గుమ్మడి. ఉల్లి, వెల్లుల్లి ఉండవు, అక్కడి వంటలో వాటిని వాడరు. చేతికో చాకు, ముందో చెక్క. పైనున్నాయన ముక్క సైజు ఒకసారి చూపించి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత మన పక్కనున్న మనిషే మనకి గురువు.

నా పక్కన పడ్డావిడ తమిళావిడ. వయసులో మా పెద్దమ్మ కంటే పెద్దదేమో. ఆవిడకి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. గుమ్మడికాయని నేను బల్ల మీద నిలువుగా పెట్టి, బలమంతా పెట్టి నొక్కుతుంటే చాకు సగంలో ఇరుక్కుంది. ఆవిడ నా చేతిలోంచి చాకు తీసుకుని, తొడిమ దగ్గర చిన్న గాటు పెట్టి, కాయని తిప్పి గాటు కిందికి వచ్చేలా బల్లకేసి ఒక్కటి కొట్టింది. టప్పున విచ్చుకుంది. లోపలి గింజల పీచుని బొటనవేలితో ఒక్క గీతలో లాగేసింది, ఆ నారింజ రంగు జిగురు ముంజేతి దాకా కారింది, తుడుచుకోలేదు. చాకు తిరిగి నా చేతిలో పెట్టి కానివ్వమన్నట్టు తలాడించింది. ఆ తర్వాత మేం మాట్లాడుకుందేమీ లేదు గానీ, నా చెక్క ఖాళీ అయితే కాయ దొర్లించేది, ఆవిడ ముక్కల గంప నిండితే నేను మోసేవాణ్ణి. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య నాకు మొదటి పూటే బొబ్బ లేచింది. అది పగిలాక గుమ్మడి జిగురు తగిలితే ఎంత మంటో చెప్పలేను.

ఇక అసలు సంగతి, పాటలు.

తిరుమలలో మైకు ఆగదు. ప్రకటనలు, తప్పిపోయిన పిల్లల పేర్లు, మధ్యమధ్యలో కీర్తనలు. అన్నమయ్య పాటలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒక రకమైన అలసట. పొద్దున్నే సుప్రభాతంతో నిద్ర లేపడం, పెళ్ళిళ్ళలో ఎవరూ వినకపోయినా మోగడం, పోటీల్లో పిల్లలు తొడ మీద తాళం తప్పుతూ పాడడం, అన్నీ కలిసి అది నాకు సంగీతంలా కాక సామాను లాగా అయిపోయింది. ఎప్పుడూ గదిలో ఉంటుంది, ఎవరూ చూడరు. షెడ్డులో మైకుకి తోడు మనుషులు కూడా పాడతారు. మొదటి పూట నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, వారమంతా ఇదే వినాలా అని. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుందామంటే అక్కడ అదేం బాగుండదు, పెద్దమ్మ పరువు పోతుంది.

అయితే కోత సాగేకొద్దీ ఒకటి గమనించాను. మైకులో వచ్చే పాట పనికి తగలదు. అది దాని దారిన అది పోతుంటుంది. మనుషులు పాడే పాట మాత్రం పని మీదే కూచుంటుంది. ఒకరు ఒక పాదం అంటారు, వెనక అందరూ అదే అంటారు. అంటే, పాడే మనిషికి ఒక పాదం పాటు ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది, మిగతావాళ్ళకి తర్వాతి మాట గుర్తు పెట్టుకునే బాధ లేదు. వేగం ఎవరు నిర్ణయిస్తారు? ఎవరూ నిర్ణయించరు. ముసలావిడ మొదలుపెడితే నెమ్మదిగా సాగుతుంది, కుర్రాడు అందుకుంటే పరుగెడుతుంది, పరుగు ఎక్కువైతే వెనకవాళ్ళు అందుకోలేక దానంతటదే దిగుతుంది. నా చాకు కూడా అదే లెక్కలో దిగుతోందని నాకు చాలాసేపటికి గానీ తెలియలేదు. తెలిశాక ఆపుదామని చూశాను, కుదర్లేదు. పాటకి ఎదురు కోస్తే చెయ్యి తొందరగా నొప్పెడుతోంది.

పెద్దమ్మ కూడా పాడుతుందని నాకసలు తెలియదు. భజన అయిపోయి అందరూ కాస్త సద్దుమణిగాక ఆవిడ ఒక దంపుళ్ళ పాట ఎత్తుకుంది. దేవుడి పాట కాదు, మరదలిని ఆటపట్టించే పాట, కాస్త కొంటెది కూడా. మా బృందం ఆడవాళ్ళు నవ్వుతూ అందుకున్నారు. చిన్నప్పుడు ఒకే రోట్లో ఇద్దరు చెరో రోకలితో వడ్లు దంచేవాళ్ళట, ఒకరిది లేస్తుంటే ఇంకొకరిది పడాలి, తప్పితే రోకలికి రోకలి తగలడమో, ఎగదోస్తున్న చెయ్యి నలగడమో. "పాట లేకపోతే చేతికి వేళ్ళుండేవి కాదు" అంది పెద్దమ్మ. ఇప్పుడా పాటకి రోలు లేదు, రోకలి లేదు, మిల్లు వచ్చి ఎన్నేళ్ళయిందో. అయినా ఆవిడ భుజం మాత్రం పాటతో పాటే పైకి లేస్తోంది, చేతిలో ఉన్నది సొరకాయ.

దేవుడి సన్నిధిలో ఇలాంటి పాటేంటని ఎవరైనా అంటారేమోనని నేను చుట్టూ చూశాను. పక్క బృందంలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారున్నారు, ఆయన మందలించకపోగా, అన్నమయ్య కూడా ఇదే కదండీ చేసింది అన్నారు. నాకు తెలియదన్నాను. ఆయనకి చెప్పడానికి మనిషి దొరికాడు, నాకు కోత సాగడానికి కబురు దొరికింది.

అన్నమయ్యది 1408 నుంచి 1503, తాళ్ళపాక. ముప్పై రెండు వేల సంకీర్తనలు పాడారని ప్రతీతి. రాగిరేకుల మీద మనకి దొరికినవి పన్నెండు వేలకు పైగా. అందులో శృంగారం, అధ్యాత్మం అని రెండు భాగాలన్నది నేనూ ఎక్కడో విన్నదే. విననిది ఏమిటంటే, ఆయన జనం పనిలోనూ ఆటలోనూ పాడుకునే వరసలన్నిటినీ తీసుకుని పాటలు కట్టాడు. సువ్వి పాటలు, అంటే దంపుళ్ళవే, ఏలలు, జాజరలు, కోలాటాలు, ఉయ్యాల పాటలు, లాలి పాటలు, నలుగు పాటలు. ఐదారు వందల ఏళ్ళ కిందట వడ్లు దంచే ఆడవాళ్ళ పాటని తీసుకుని, దాన్ని రాగిరేకు దాకా ఎక్కించాడంటే, ఆ కాలం పండితుల్లో ఎంతమంది మొహం చిట్లించి ఉంటారో నేను ఊహించగలను. మాస్టారు ఇంకోటి చెప్పారు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. అంటే ఆయన ఎలా పాడాడో ఎవరికీ తెలియదు. మనం వింటున్న వరసల్లో చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు కొన్ని కట్టారు. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టాక గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు ఒక్కరే ఆరు వందలకు పైగా కీర్తనలకి బాణీ కట్టారు. ఆయన 2025 మార్చిలో పోయారు.

ఇది విన్నాక నా బుర్రలో ఒక లెక్క తలకిందులైంది. పాతకాలపు సంగీతం అని నేను పక్కన పెట్టిందాంట్లో సగం, నేను నెత్తిన పెట్టుకున్న హెవీ మెటల్ కంటే వయసులో చిన్నది! మెటల్ పుట్టింది 1970 ప్రాంతంలో కదా. అక్కడితో ఆగితే బాగుండు, నేను మాస్టారికి మెటల్ కథ చెప్పడం మొదలుపెట్టాను. బర్మింగ్‌హామ్ అని ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీల ఊరు. టోనీ అయోమీ అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే పదిహేడేళ్ళ వయసులో చెయ్యి మెషీన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం, గిటార్ తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు, ఆ తర్వాత నొప్పి తగ్గడానికి శ్రుతి కూడా దించి తీగల్ని వదులు చేశాడు. ఆ వదులు తీగల బరువు శబ్దం మీదే మెటల్ నిలబడింది. మాస్టారు చాకు ఆపి విన్నారు. "అంటే అదీ పని చేసే చేతిలోంచి వచ్చిందేనన్నమాట" అన్నారు. నేను ఇన్నేళ్ళుగా ఆ కథ చాలామందికి చెప్పాను, ఎవరూ ఈ మాట అనలేదు. ఫోన్‌లో ఒక పాట వినిపించమన్నారు. బయటికి వచ్చాక వినిపించాను. అర నిమిషం విని, తిరిగిచ్చేసి, "కథ బాగుంది" అన్నారు.

తర్వాత అన్నప్రసాదం డ్యూటీ పడింది, తరిగొండ వెంగమాంబ పేరు మీదున్న కాంప్లెక్స్‌లో. వెంగమాంబ 18వ శతాబ్దపు కవయిత్రి, కొండ మీదే ఉండిపోయి పద్యాలూ యక్షగానాలూ రాసిన మనిషి. ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో ఆమె పేర ముత్యాల హారతి ఇస్తారు, తాళ్ళపాకవారి లాలి పాడతారు. నిత్యాన్నదానం 1985లో మొదలైంది, రోజుకి రెండు వేల మందితో. ఇప్పుడు ఒక్కో హాల్లోనే ఒక బంతికి వెయ్యి మంది కూచుంటారు, అలాంటి హాళ్ళు నాలుగు. ఆ సంఖ్య కాగితం మీద చదివితే ఏమీ అనిపించదు. తలుపులు తీసిన నిమిషానికి హాలు మొత్తం నిండిపోయి, వెయ్యి మంది ఒక్కసారి గోవిందా అన్నప్పుడు చేతిలో బకెట్‌తో మధ్యలో నిలబడి చూడాలి. చక్కెర పొంగలి, కూర, చట్నీ, అన్నం, సాంబార్, రసం, మజ్జిగ, ఒకటి వెనక ఒకటి వెళ్ళాలి. నా ముందు అన్నం, నా వెనక రసం. నేను ఆగితే రసం ఆగుతుంది, అన్నం ఆయన ముందుకెళ్ళిపోతే సాంబార్ లేని అన్నం చూసుకుంటూ కూచుంటారు జనం. అందుకని నడకలో ఒక లయ రావాల్సిందే, రెండడుగులు, వంగు, గరిటె, లేవు. ఎవరూ నేర్పరు, రెండో వరసకల్లా నడుమే నేర్చుకుంటుంది. నేర్చుకోకపోతే రాత్రికి చెబుతుంది.

ఇక్కడ పాట లేదు, ఉన్నా వినపడదు. అయినా కూరగాయల దగ్గర నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది, నా వేగం నాది కాదన్న సంగతి. ఆఫీసులో నేను ఎక్సెల్ షీట్లతో బతికేవాణ్ణి, నా పని నేను చేసుకుని మెయిల్ కొట్టి ఇంటికెళ్తాను. పక్కవాడి మోచేయి ఎక్కడుందో చూసుకుంటూ పనిచేసి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు, అసలు ఎప్పుడైనా చేశానా అని కూడా అనుమానమే.

అన్నీ బాగున్నాయని రాస్తే అబద్ధం. సేవకి వచ్చినవాళ్ళలోనూ రకరకాలు ఉన్నారు. పని పడగానే మాయమై, వరస కట్టి హాజరు వేసే వేళకి ప్రత్యక్షమయ్యేవాళ్ళున్నారు. సేవ పేరు చెప్పి భక్తుల మీద అరిచేవాళ్ళున్నారు, కండువా పడగానే గొంతు మారిపోతుంది కొందరికి. రెండోసారి కూర అడిగిన ఒక పెద్దాయన్ని మా వరసలో ఒకతను అందరి ముందూ కసిరాడు, ఆయన విస్తుపోయి తల దించుకున్నాడు. పెద్దమ్మ చూసింది. వెళ్ళి ఆయనకి కూర వేసొచ్చి, ఆ కసిరిన కుర్రాడితో, "నాయనా, ఇక్కడ నువ్వు పెట్టేవాడివి కాదు, మోసేవాడివి" అంది. అంతే, కోపంగా కూడా అనలేదు. ఆవిడకి తెలిసిన మతం దాదాపు ఇంతేననుకుంటాను. ఈ సృష్టి ఎవరు చేశారు, ఆత్మ ఉందా, చనిపోయాక ఏమవుతాం, ఇవేవీ ఆవిడ మాట్లాడగా నేను వినలేదు, మాస్టారితో తప్ప ఎవరితోనూ అక్కడ వినలేదు. పొద్దున లేస్తే ఏ డ్యూటీ, ఎవరి కాళ్ళు వాచాయి, ఎవరికి జండూబామ్ కావాలి, ఇదే మాట.

నేను మతం అంటే ముందు నమ్మకం అనుకుంటూ వచ్చాను. నమ్మితే లోపల, నమ్మకపోతే బయట. అక్కడున్నవాళ్ళలో చాలామందికి నమ్మకం గురించి అడిగితే ప్రశ్నే అర్థం కాలేదు. "నమ్మకుండా ఎలా వచ్చావ్?" అని అడిగాడు లారీ షెడ్డు నడుపుకునే ఒకతను. బస్సెక్కి వచ్చానన్నాను. పడీ పడీ నవ్వాడు. ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా "బస్సెక్కి వచ్చినాయన" అనే పిలిచాడు. నా మీద ఎవరూ జాలిపడలేదు, మార్చాలనీ చూడలేదు. బహుశా గంపలు మోస్తున్నంతసేపూ నా తలలో ఏముందన్నది వాళ్ళకి అవసరమైన సమాచారం కాదు. ఈ సంగతి నాకు హాయిగానే అనిపించింది. కాస్త చిరాకు కూడా వేసిందని ఒప్పుకోవాలి, ఇన్నేళ్ళ నా అవిశ్వాసానికి ఎవరో ఒకరు విలువిచ్చి వాదిస్తారని లోపల ఎక్కడో ఎదురుచూస్తున్నానేమో.

క్యూ కాంప్లెక్స్ డ్యూటీ గురించి తక్కువే చెబుతాను, మాకు పడింది తక్కువే. కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూచున్నవాళ్ళకి నీళ్ళు, పాలు, ఉప్మా అందించడం. పిల్లల ఏడుపులు, ఫ్యాన్ల చప్పుడు, నిద్రలో ఒరిగిపోయిన తలలు. ఎక్కడో ఒక మూల నుంచి ఎవరో గోవిందా అంటారు, కంపార్ట్‌మెంటంతా లేచి అందుకుంటుంది, పక్క కంపార్ట్‌మెంటుకి పాకుతుంది, కాసేపటికి చల్లారుతుంది. అందులో రాగం లేదు, సాహిత్యం లేదు, ఉన్నది ఒక్క మాట. అయినా మొదటి అక్షరం దగ్గర సన్నగా ఎత్తుకుని చివర దీర్ఘం దగ్గర గొంతులన్నీ ఒకచోటికి వచ్చి పడతాయి చూడండి, దానికి ఒళ్ళు జలదరించకపోతే చెవులు చూపించుకోవాలి. నాకు జలదరించింది. స్టేడియంలో కచేరీకి వెళ్ళినప్పుడూ ఇలాగే అవుతుంది నాకు, కాబట్టి దీన్నిబట్టి దేవుడు ఉన్నాడని నేను అనుకోలేదు, మాస్టారు మాత్రం అనుకోమన్నారు.

చివర్లో సేవకులకి దర్శనం ఉంటుంది. కొందరు దీనికోసమే వస్తారని పెదవి విరుస్తారు గానీ, వారం రోజులు బకెట్లు మోసి అడిగేది ఆ కాసేపే అయితే, అది లెక్కలో ఎవరికి లాభమో నాకు తెలియడం లేదు. మా వరస సాగింది, బంగారు వాకిలి దాటాం, ముందు దీపాల వెలుగులో నల్లటి విగ్రహం, పూలు, పచ్చకర్పూరం వాసన, జరగండి జరగండి అన్న మాట, అంతే, పక్కకి వచ్చేశాం. పెద్దమ్మ ఏడుస్తోంది. ఏటా చూసేదే, ఏటా ఏడుస్తుందట. నాకేమీ కలగలేదు. కలగాలని కాస్త ప్రయత్నించాను కూడా, అబద్ధం ఎందుకు. "ఏం కోరుకున్నావురా?" అంది బయటికొచ్చాక. ఏమీ లేదు పెద్దమ్మా, నువ్వు తోపులాటలో పడకుండా చూసుకున్నానంతే అన్నాను. మంచిదే అంది.

ఇంటికొచ్చాక నా పాటల జాబితా ఏమీ మారలేదు. పొద్దున ఆఫీసుకెళ్తూ వినేది అదే మెటల్. కానీ గిన్నెలు తోమేటప్పుడు, ఇల్లు ఊడ్చేటప్పుడు మాత్రం పని పాటలు వెతుక్కోవడం మొదలైంది. దంపుళ్ళ పాటలు, నాట్ల పాటలు, మోట పాటలు, పడవ లాగేవాళ్ళ హైలెస్సా పాటలు, రాయలసీమ చెక్కభజనలు. చెక్కభజన మొదట వినడానికి పెట్టాను, వీడియో చూశాక కూచుని వినేది కాదని అర్థమైంది. చేతిలో చెక్కలు, కాలికి గజ్జెలు, అడుగు మారితే పాట మారుతుంది, పాట మారితే వరస మొత్తం తిరుగుతుంది. అన్నమయ్య సువ్వి పాటల కోసం కూడా వెతికాను. దొరికినవాటిలో నాకు నచ్చినవి తక్కువ. గొప్ప గొప్ప విద్వాంసులే పాడారు, తప్పుపట్టే స్థాయి నాకు లేదు, కానీ దంపుడు పాటని చాప మీద కూచుని, వయొలిన్ పక్కవాద్యంతో, పల్లవిని నాలుగు రకాలుగా తిప్పి సంగతులు వేసి పాడితే అందులో రోకలి ఎక్కడ పడాలి? ఒకదానికి గిన్నెలు తోముదామని చూశాను, పీచు ఎక్కడ తిప్పాలో తెలియక ఆపేశాను. పెద్దమ్మకి ఫోన్ చేసి ఆవిడ పాట మొత్తం పాడమని, రికార్డు చేసుకుంటానని అడిగాను. ఊరికే కూచుని పాడమంటే మాటలు గుర్తురావట్లేదంది. వచ్చే నెల పండక్కి వెళ్తున్నాను, మినుములో పెసలో ఏదో ఒకటి దంచుదాం, రోలు ఎవరింట్లో ఉందో కనుక్కోమని చెప్పాను.